ఆగి ఆగి తిరుగు కూలరు మోటారు



పద్యమును, నాటకమును, హరికథయు వినిపించు వేదికపై కూలరు మోటారును గూర్చిన ప్రసంగ మేమిటని కొందఱికి తోచవచ్చును. కాని ఢిల్లీ నగరమందలి ప్రభుత్వ క్వార్టర్లలో కాపురముండు తెలుగు కుటుంబములకు వైశాఖ జ్యేష్ఠములలో ఇంతకంటె దగ్గఱి విషయము మఱొకటి లేదు. పడమటినుండి వీచు వడగాలిని ఇచ్చటివారు 'లూ' అందురు. 2024 మే 29వ తేదీన సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రమున 46.8 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైనది. అట్టి దినమున, పసిబిడ్డగాని, మంచము పట్టిన ముదుసలిగాని ఉన్న గదిలో మధ్యాహ్నము రెండు గంటలకు గాలి నిలిచిపోవుట అసౌకర్యము మాత్రమే కాదు, ప్రాణభయము కూడ.

పూర్తిగా చెడిపోయిన మోటారుతో చిక్కు తక్కువ. అది తిరుగదు, మెకానిక్కు వచ్చి చూచినను తిరుగదు, చెడినదని అందఱును ఒప్పుకొందురు. ఆగి ఆగి తిరుగు మోటారు అట్టిది కాదు. మధ్యాహ్నము ఇంటివారి ఎదుట ఆగును. సాయంకాలము మెకానిక్కు వచ్చి స్విచ్చి వేయగానే హాయిగా తిరుగును. అతడు "బాగానే ఉన్నది గదా" యని వెడలిపోవును. లేదా మోటారు మార్చవలెనని చెప్పును. మార్చిన నాలుగవ దినమున కొత్త మోటారు కూడ అట్లే ఆగును. కావున ఈ ప్రసంగము చెప్పదలచిన మాట యొక్కటే: ఆగుటకు కారణము తెలియకముందు ఏ భాగమును మార్చరాదు. ఆ కారణమును తెలుపు గుఱుతులు మోటారు ఆగిన సమయముననే కనబడును. వాటిని చూడగలవారు మెకానిక్కు కాదు, ఇంటివారే.

కూలరు పని చేయు విధము సులభమైనది. గడ్డి తెరలపై పంపు నీటిని చల్లును. వెలుపలి పొడిగాలి ఆ తడి తెరలగుండ వచ్చునపుడు కొంత నీరు ఆవిరియగును. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావలెను. ఆ వేడి గాలినుండియే పోవును గావున గాలి చల్లబడును. కాకినాడ, విశాఖపట్టణము వంటి తీరప్రాంతములందు గాలిలోనే తేమ మెండుగా నుండుటచే అచ్చట కూలరు అంతగా అక్కఱకు రాదు. హైదరాబాదునందును, కర్నూలునందును, వానలు పడువఱకు ఢిల్లీయందును గాలి పొడిగా నుండును. కావున ఈ పెట్టె ఈ ప్రాంతములలో ఉపయోగపడుచున్నది. తెరలు తడిసి యున్నను వాటిగుండ గాలిని లాగు యంత్రము నిలిచినచో చల్లదన మంతయు నిలిచిపోవును. ఆ యంత్రమే ఫ్యాను మోటారు. కొన్ని కూలర్లలో ఱెక్కలకు బదులు పీపావలె గుండ్రని బ్లోయరు ఉండును. త్రిప్పు మోటారు మాత్రము అదే జాతికి చెందినది.

ఆ మోటారు భాగములను కొంచెము ఎఱుగుట మంచిది. తిరుగుచుండు అయస్కాంత క్షేత్రముచే లోహపు కడ్డీలను త్రిప్పవచ్చునను సూత్రమును ఇటలీదేశీయుడగు గలీలియో ఫెరారిస్, అమెరికాలో స్థిరపడిన నికోలా టెస్లా 1888లో వేఱువేఱుగా ప్రపంచమునకు వెల్లడించిరి. ఇండ్లకు సాధారణముగా వచ్చు సింగిల్ ఫేజు విద్యుత్తు తనంత తానుగా అట్టి తిరుగు క్షేత్రమును పుట్టింపజాలదు. అందుచే మోటారులో రెండు తీగచుట్లు, అనగా వైండింగులు, ఉండును. రెండవదానికి కెపాసిటరు అను చిన్న డబ్బా వంటి భాగమును తగిలింతురు. అది రెండవ చుట్టలోని ప్రవాహమును కొంత ముందునకు జరుపగా, రెండింటి కలయికచే క్షేత్రము తిరుగనారంభించును. ఇరుసునకు ఇరువైపుల బుష్షులుగాని బాల్ బేరింగులుగాని యుండును. అనేక మోటార్లలో వైండింగునకు ఆనించి, వేడి మితిమీరినపుడు ప్రవాహమును త్రెంచి, చల్లబడగానే మరల కలుపు చిన్న రక్షక సాధనము కూడ దాగియుండును. వాడుకలో దీనిని థర్మల్ ప్రొటెక్టరు అందురు.

ఇచ్చట మొట్టమొదటి హెచ్చరిక చేయవలసి యున్నది. ఆగినట్లు కనబడు మోటారు నిజముగా ఆగినది కాకపోవచ్చును. రక్షక సాధనము చల్లబడిన మఱుక్షణమే అది ఎవరికిని చెప్పకుండ తిరుగనారంభించును. ఆ సమయమున ఱెక్కలమధ్య వ్రేలున్నచో ఏమగునో వర్ణింప నక్కఱలేదు. కావున స్విచ్చిని ఆర్పుట చాలదు. ప్లగ్గును సాకెట్టునుండి ఊడదీసి, కంటికి కనబడు చోట నుంచిన పిదపనే కూలరు తలుపు తీయవలెను. కెపాసిటరు కూడ ప్లగ్గు తీసిన పిమ్మట కొంతసేపు విద్యుత్తును నిలువ యుంచుకొనవచ్చును. దాని కొనలను వట్టి చేతితో తాకరాదు. పుల్లతోగాని వ్రేలితోగాని ఱెక్కను నెట్టి మోటారును ప్రారంభించు అలవాటు ఎన్నో ఇండ్లలో కలదు. అది వెంటనే మానవలసిన అలవాటు.

ఇక పరిశీలన. నోటింగు లేని ఫైలుపై ఏ అధికారియు ఉత్తరువు వ్రాయడు. కూలరు విషయమున మాత్రము నోటింగు లేకయే మోటారు మార్చుటకు ఉత్తరువైపోవుచున్నది. గోడకు తగిలించిన క్యాలెండరు వెనుక ఒక కాగితము, పెన్సిలు ఉంచినచో చాలును. మోటారు ఆగినప్పుడెల్ల అయిదు విషయములు వ్రాయవలెను. ఎన్ని గంటలకు ఆగినది, అంతకుముందు ఎంతసేపు తిరిగినది? ఆగినపుడు గుయ్యిమను ధ్వని యున్నదా, నిశ్శబ్దమా? పంపు నడచుచున్నదా, అదియు ఆగినదా? ఏ వేగమున నుండగా ఆగినది? ఇంటిలోని దీపములు ఆ వేళ మందగించినవా? తిరిగి ఎంతసేపటికి కదలినదో కూడ చేర్చినచో నోటింగు పూర్తియైనట్లే. మూడునాలుగు పర్యాయములు ఇట్లు వ్రాసినచో, చిక్కు ఏ వైపున నున్నదో కాగితమే చెప్పును.

ముందుగా పంపు సాక్ష్యము. పలు కూలర్లలో పంపునకును ఫ్యానునకును వేఱు స్విచ్చు లున్నను గోడనుండి వచ్చు తీగ ఒక్కటే. రెండును ఒకేసారి ఆగినచో మోటారుపై నేరము మోపరాదు; గోడ సాకెట్టు, ప్లగ్గు, తీగ, వీటిలో ఎచ్చటనో పట్టు వదలినది. పంపు నడచుచు ఫ్యాను మాత్రమే ఆగినచో, ఫ్యాను స్విచ్చినుండి మోటారువఱకు గల మార్గమును పరీక్షింపవలెను.

తరువాతిది ధ్వని సాక్ష్యము. నిశ్శబ్దముగా ఆగిన మోటారునకు విద్యుత్తు అందుటలేదు. గుయ్యిమనుచు ఆగిన మోటారునకు విద్యుత్తు అందుచున్నది గాని తిరుగుటకు శక్తి చాలుటలేదు. ఈ ఒక్క భేదము తెలిసినచో సగము పని ముగిసినట్లే.

నిశ్శబ్దముగా ఆగినది, ప్లగ్గు తీసి చూడగా మోటారు చల్లగానే యున్నది, కూలరును కదపగానే మరల తిరిగినది: ఇది వదులు కనెక్షను లక్షణము. కూలరు ఎల్లప్పుడు అదరుచుండును. ఆ అదరుపాటునకు స్క్రూలు వదులగును, తేమకు కొనలు చిలుమెక్కును. ప్లగ్గు పిన్నులు నల్లబడుట, సాకెట్టు వేడెక్కుట, కాలిన వాసన వచ్చుట దీనికి తోడి గుఱుతులు. కొన్నిసార్లు తీగ పైతొడుగు చక్కగా నుండియే లోపలి రాగిపోగులు తెగియుండును; తీగ మాటిమాటికి వంగు చోటనే ఇది జరుగును. ఇట్టి చిక్కునకు కొత్త మోటారు మందు కాదు. స్క్రూను బిగించుటయో, కొత్త ప్లగ్గో, కొత్త తీగయో మందు.

నిశ్శబ్దముగా ఆగినది, మోటారు చేయి పెట్టరానంత వేడిగా నున్నది, అరగంటయో గంటయో గడచిన పిదప తనంత తానే తిరిగినది: ఇది రక్షక సాధనము చేసిన పని. ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగుచుండును. కొందఱు పనివారు ఆ సాధనమును తప్పించి తీగను నేరుగా కలిపి, "ఇక ఆగదు" అందురు. నిజమే, ఇక ఆగదు. వైండింగు కాలువఱకు తిరుగుచునే యుండును, అగ్నిప్రమాదమునకు కూడ దారి తీయవచ్చును. రక్షక సాధనము దొంగ కాదు, కావలివాడు. కావలివాడు కేక వేసినపుడు వాని నోరు మూయక, ఎందులకు కేక వేసెనో విచారింపవలెను. మోటారు వేడెక్కుటకు కారణము లివి: నూనె యింకిన బుష్షులు, ఢిల్లీ నీటిలోని లవణములు పేరుకొని గాలి దూరనీయని గడ్డి తెరలు, కూలరు వెనుక గోడ మఱీ దగ్గఱగా నుండుట, పూర్వపు మరమ్మతులో పెట్టిన తప్పు విలువగల కెపాసిటరు, సరిగా చుట్టని పాత వైండింగు, అన్నిటికంటె ముఖ్యముగా తక్కువ వోల్టేజి. కొన్ని మోటార్లలో వైండింగు తీగయే లోపల చిట్లి, చల్లగా నున్నపుడు కొనలు తాకుచు, వేడెక్కి వ్యాకోచించినపుడు విడివడుచుండును. ఇతర కారణము లన్నియు తొలగిన పిమ్మటనే దీనిని అనుమానింపవలెను. అప్పుడు మోటారును మార్చుట న్యాయమే.

వోల్టేజి మాట కొంచెము వివరింపవలెను. ఇంటికి రావలసినది 230 వోల్టులు. ఇట్టి మోటారు త్రిప్పు బలము వోల్టేజి వర్గమును బట్టి మాఱును. కావున వోల్టేజి 180కి పడిపోయినచో, అది 22 శాతము తగ్గుట మాత్రమే యని తలపరాదు. త్రిప్పు బలము దాదాపు 61 శాతమునకు దిగిపోవును. ఱెక్కలు మందగించును, మోటారు వేడెక్కును, దానిని చల్లబఱచవలసిన గాలియు తగ్గును.

ఒక ఇంటి నోటింగు ఇట్లున్నదనుకొనుడు: మధ్యాహ్నము 2 గంటల ప్రాంతమున ఆగినది, నిశ్శబ్దము, పంపు నడచుచున్నది, దీపములు మందము, అరగంటకు తిరిగినది, రాత్రి పదినుండి ఉదయమువఱకు ఒక్కసారియు ఆగలేదు. రాత్రియంతయు తిరిగిన మోటారు మధ్యాహ్నమే ఆగుచున్నదన్నచో, పొరుగిండ్ల ఏ.సి.లన్నియు నడచు వేళకు వోల్టేజి పడిపోవుచున్నదేమోయని మొదట చూడవలెను. కూలరు నడచుచుండగా సాకెట్టువద్ద వోల్టేజిని ఎలక్ట్రీషియనుచే కొలిపించినచో నిజము తేలును. తక్కువని తేలినచో అవసరమైనది ఫిర్యాదు, లేదా తగిన స్టెబిలైజరు. కొత్త మోటారు కాదు.

ఇక గుయ్యిమనుచు తిరుగని మోటారు సంగతి. వెంటనే ప్లగ్గు తీయవలెను. ఏలయనగా తిరుగని మోటారు త్వరగా వేడెక్కును. తరువాత ఱెక్కను చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. బిగుసుకొని యున్నను, గరగరలాడినను బుష్షులలోనో బేరింగులలోనో లోపము. ఱెక్క పెట్టెకు తగులుచున్నదేమో కూడ చూడవలెను. తేలికగా తిరిగి, వదలిన పిదపయు కొన్ని చుట్లు తిరిగినచో కెపాసిటరుపై అనుమానము కలుగవలెను. కెపాసిటరు ఒక్కసారి చచ్చుట కంటె క్రమముగా క్షీణించుటయే తఱచు. క్షీణించిన కెపాసిటరుతో మోటారు ఒకనాడు బయలుదేరును, ఒకనాడు బయలుదేరదు. దానిపై ఎన్ని మైక్రోఫారడ్లో ముద్రించి యుండును. కెపాసిటరు కొలత గల మల్టీమీటరుతో చూచి, ముద్రితమైన విలువకంటె బాగుగా తగ్గినచో, అదే విలువయు, అంతకు తగ్గని వోల్టేజి హద్దును గల మఱొకదానిని వేయవలెను. "కొంచెము పెద్దది వేసినచో బాగుగా తిరుగును" అను దుకాణపు మాటను నమ్మరాదు. పెద్దది వేసినచో వైండింగు అధికముగా వేడెక్కును.

ఒక్క వేగముననే ఆగుచు, తక్కిన వేగములందు చక్కగా తిరుగు మోటారును గూర్చి ఎక్కువ ఆలోచన వలదు. వేగముల స్విచ్చిలో ఆ మెట్టు కాంటాక్టు అరిగియుండును, లేదా ఆ వేగమునకు చెందిన తీగ వదులై యుండును.

కొలుచు సాధనముల విషయమున ఒక మాట. నియాన్ టెస్టరు వెలిగినంతమాత్రమున వోల్టేజి సరిగా నున్నదని అర్థము కాదు. అది విద్యుత్తు ఉన్నదని మాత్రమే చెప్పును, ఎంత యున్నదో చెప్పదు. ఇంతకుముందు చెప్పిన 2024 మే 29వ తేదీననే ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ కేంద్రము 52.9 డిగ్రీలు చూపినది. వాతావరణ శాఖవారు పరిశీలించి, అచ్చటి సెన్సారు 3 డిగ్రీలు అధికముగా చూపుచున్నదని తేల్చిరి. ఎంత పెద్ద శాఖకైనను కొలమానమును పరీక్షించుకొనుట తప్పలేదు. ఇంటిలోని పాత మీటరును నమ్ముటకు ముందు దానిని కూడ పరీక్షింపవలెను.

పరీక్షించు క్రమమును సులభముగా గుర్తుంచుకొనవచ్చును. ఖర్చు లేనిది ముందు, ఖర్చు గలది పిదప. నోటింగు, ప్లగ్గు, తీగ, తెరలను కడుగుట, బుష్షునకు నూనె, వోల్టేజి కొలత, స్విచ్చి, కెపాసిటరు; చిట్టచివర మోటారు. బుష్షు గల మోటారునకు రెండుమూడు చుక్కల పలుచని మెషీను నూనె చాలును; మూసివేసిన బాల్ బేరింగులకు నూనె పోయ నవసరము లేదు.

ఇంతకంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. నీరును, విద్యుత్తును, ఇనుప పెట్టెయు ఒకే చోట నుండు గృహోపకరణము కూలరు. ఆగి ఆగి తిరుగు మోటారులో వదులైన తీగ ఎప్పుడైనను పెట్టెకు తగులవచ్చును. ఎర్తు సరిగా నున్నచో ఆ విద్యుత్తు భూమిలోనికి పోవును. లేనిచో పెట్టెను తాకిన మనుష్యునిగుండ పోవును. ఫ్యూజును ఎం.సి.బి.యు తీగలను కాపాడుటకు ఏర్పడినవి. అవి త్రెగుటకు కొన్ని ఆంపియర్లు కావలెను. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియరులో కొన్ని పదుల వెయ్యవ వంతులు చాలును. అందుచే 30 మిల్లీయాంపియర్ల లీకేజికి త్రెగు ఆర్.సి.సి.బి. ఇంటికి ఉండుట మేలు. మూడవ పిన్ను విఱిచిన ప్లగ్గును, రెండు పిన్నుల సాకెట్టును కూలరునకు వాడరాదు. నీరు పోయునపుడు ప్లగ్గు తీయవలెను. పెట్టెను తాకినపుడు సన్నని జుమ్మను స్పర్శ కలిగినను, "కొంచెమే గదా" యని ఉపేక్షింపక ఆ క్షణమే వాడుక మానవలెను. క్వార్టరు గోడలోని సాకెట్టు, ఎర్తు వీటిలో లోపమున్నచో కాలనీ ఎంక్వయిరీ ఆఫీసులో ఫిర్యాదు వ్రాయించుట ప్రతి నివాసి హక్కు. కూలరు లోపలి తీగల పని తెలియనివారు ప్లగ్గు తీసి, చూచి, వ్రాసి, అంతటితో ఆగి, తక్కినది ఎలక్ట్రీషియనుకు అప్పగింపవలెను.

ఏ.సి. గల గృహములవారికి కూడ ఈ పద్ధతి కొంతవఱకు పనికివచ్చును. లోపలి యూనిటు బ్లోయరు ఆగి ఆగి తిరిగినచో ధ్వని, వేళ, వేడి అను సాక్ష్యములే అచ్చటను చూడవలెను. గాలి తగ్గినపుడు కాయిలుపై మంచు పేరుకొనవచ్చును. అట్టి సమయమున యంత్రము నార్పి మంచు కరగనీయవలెను. ఫిల్టరు కడుగుట ఇంటివారి పని. కాని నేటి ఏ.సి.లలోను, కొత్తరకపు బి.ఎల్.డి.సి. కూలర్లలోను మోటారును ఎలక్ట్రానిక్ బోర్డు నడుపును. లోపము మోటారులో నున్నదో బోర్డులో నున్నదో తేల్చుట శిక్షణ పొందినవారి పని. అట్టివారికి కూడ ఇంటివారి నోటింగు ఎంతో సహాయము చేయును.

తుదకు వారమునకు ఒక అరగంట. వారమున కొకసారి ప్లగ్గు తీసి, తొట్టినీటిని పూర్తిగా పాఱబోసి, గోడలు రుద్ది, ఆరబెట్టి, కొత్త నీరు పోయవలెను. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇట్టి నిలువనీటనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము పది దినములు పట్టును. ఆ అరగంటలోనే తీగను, ప్లగ్గును, స్క్రూలను, తెరలను కూడ ఒకమాఱు చూచినచో ఒక్క పనితో రెండు రక్షణలు సిద్ధించును.

ఈ సభలోని ప్రతి గృహమునందును ఈ వేసవికి కూలరు దగ్గఱ ఒక కాగితము, ఒక పెన్సిలు ఉండవలెను. మోటారు ఆగినపుడు మొదట ప్లగ్గు తీయవలెను, పిదప గంట వ్రాయవలెను, ఆ తరువాతనే మెకానిక్కును పిలువవలెను. ఆ కాగితమును అతని చేతిలో పెట్టినచో, మరల మధ్యాహ్నము రెండు గంటలకు ఇంటిలోని పెద్దలు చెమట తుడుచుకొనుచు కూర్చుండవలసిన అవసరము చాలవఱకు తప్పును.